జిల్లాకు మనిషి పేరా, ఊరి పేరా, సీమ పేరా?

కొత్త జిల్లా డిమాండ్ ఎక్కడ వినిపించినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఎవరి పేరు పెడితే బాగుంటుందండీ?" 'ఎవరి' అనడంలోనే సగం తీర్పు అయిపోయింది చూడండి.

మనిషి పేరు నిలవదంటారు చాలామంది. నేను ఒప్పుకోను. 1978లో హైదరాబాద్ నుంచి విడదీసిన జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. కలెక్టరేట్ ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే ఉండేది, జిల్లాకంటూ చెప్పుకోదగ్గ సొంత పట్నం లేదు. జనం మారుమాట లేకుండా 'రంగారెడ్డి జిల్లా' అనేశారు. ప్రకాశం కూడా అంతే. నెల్లూరు, గుంటూరు, కర్నూలు ముక్కలు అతికి 1970లో చేసిన జిల్లా అది. రెండేళ్లు ఒంగోలు జిల్లాగా ఉండి 1972లో ప్రకాశం అయింది. అటు మార్కాపురం వాళ్లు గానీ, ఇటు చీరాల వాళ్లు గానీ 'మాది ఒంగోలు' అని చెప్పుకోలేరు కదా, 'ప్రకాశం జిల్లా' అని చెప్పుకున్నారు.

నెల్లూరు, కడపల సంగతి వేరు. 2008లో నెల్లూరు ముందు పొట్టి శ్రీరాములు పేరు చేర్చారు. 2010లో కడపను ఏకంగా తీసేసి వైఎస్సార్ జిల్లా అన్నారు, 2025లో కడపను మళ్లీ తెచ్చి వైఎస్సార్ కడప చేశారు. ఈ పదిహేనేళ్లూ జనం నోట్లో మాత్రం అది కడపే. నెల్లూరు చేపల పులుసుకు ముందు కూడా ఎవరూ ఏమీ చేర్చలేదు. నా లెక్కలో తేల్చేది ఇదే: పెద్దాయన ఎంత గొప్పవాడన్నది కాదు, ఆ పేరు కింద ఇంకో పేరు బతికి ఉందా లేదా అన్నది. ఖాళీ చోట పెట్టిన మనిషి పేరు పాతుకుంటుంది. ఉన్న పేరు మీద పెట్టింది కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ లెక్కకు లొంగనిది కోనసీమ. 2022 ఏప్రిల్‌లో కోనసీమగా పుట్టిన జిల్లాకు అంబేడ్కర్ పేరు చేరుస్తామని మే నెలలో నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజులు గడువు పెట్టారు. వారం తిరక్కుండానే, 24న, అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అది పాత పేరు మీద ప్రేమతో రేగిన మంట అంటే నేను నమ్మను. కోనసీమ అన్న మాట ఎక్కడికీ పోలేదు, చివర అలాగే ఉంది. ఎన్టీఆర్, సత్యసాయి పేర్లకు లేని మంట అంబేడ్కర్ పేరుకే ఎందుకు రేగిందో అక్కడివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. బోర్డు మీద చోటు దక్కడమే ఒక వాటా అయినప్పుడు, జనం నోట్లో ఆ పేరు నిలుస్తుందా అని నేను లెక్కలు తీయడం దండగ.

రెండూ కలిపితే గొడవ ఉండదనుకుంటారు గానీ, జంట పేరుతో వచ్చే తంటాలు వేరు. మా మేనకోడలిది అమలాపురం. మొన్న ఏదో ఆన్‌లైన్ ఫారం నింపుతూ, "మావయ్యా, మా జిల్లా తీసేశారా ఏంటి?" అని ఫోన్ చేసింది. 'కె' దగ్గర వెతికింది పాపం. తీరా చూస్తే 'డి' దగ్గర, డాక్టర్ అన్న మాటతో మొదలై ఉంది. అటు తెలంగాణలోనూ అంతే, జయశంకర్ భూపాలపల్లిని భూపాలపల్లి అనీ, కొమురం భీం ఆసిఫాబాద్‌ను ఆసిఫాబాద్ అనీ అంటారు.

ఇక ఊరి పేరు. చెప్పడానికి తేలిక, కానీ పక్క ఊరికి కడుపుమంట. రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా అనగానే రాజంపేట రోడ్డెక్కింది. పేరు కూడా రాయచోటిదే అయ్యుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది.

అందుకే నా ఓటు సీమ పేరుకి. పల్నాడునే తీసుకోండి. కేంద్రం నరసరావుపేటకు పోయింది. గురజాల వాళ్లకు ఆ బాధ ఉన్నా, పేరులో వాళ్ల వాటా పోలేదు. పైగా అది ఎవరో కూర్చుని పెట్టింది కాదు, అప్పటికే అందరి నోళ్లలో ఉన్నది. గీతలు అటూ ఇటూ జరిపినా పెద్దగా ఇబ్బంది రాదు. మనిషి పేరుకు ఆ వీలు లేదు: ఎన్టీఆర్ జిల్లా విజయవాడ చుట్టూ ఏర్పడితే, ఆయన సొంతూరు నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.

నది పేర్లు వినసొంపుగానే ఉంటాయి, విడగొట్టినప్పుడే దిక్కులు అతికించాలి. ఇప్పుడు గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరి జిల్లాలో ఉంది! డబ్బు కట్టి కొనుక్కునే పేర్లు జిల్లాల దాకా రాలేదు గానీ, ఉప్పల్ స్టేడియానికి మొదట విశాక కంపెనీ కొనుక్కున్న పేరే ఉండేది, దాన్ని తీసేసి రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. జనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉప్పల్ స్టేడియం అనే అంటున్నారు.

మేనకోడలి ఆధార్‌లో ఇంకా తూర్పు గోదావరి అనే ఉంది. మార్పించుకోవే అంటే, "మళ్లీ మార్చరని గ్యారంటీ ఏంటి మావయ్యా?" అంది.