గుంటూరు: గదికి 2,296 రూపాయలు, బొమ్మల కథలకి పైసా లేదు

గుంటూరు బ్రాడీపేట చుట్టుపక్కల లాడ్జి బుక్ చేసుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి అడగండి: మూడో మనిషికి ఎంత, ఏసీకి విడిగా ఎంత, గది ఎన్నింటికి ఖాళీ చేయాలి. యాప్‌లో రాసిందానికీ కౌంటర్లో చెప్పేదానికీ పొంతన ఉండదు.

రాజమండ్రి నుంచి సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో మావారు, అత్తయ్యగారు, నేను హాయిగా వచ్చేశాం. యాప్‌లో ముగ్గురికి ఏసీ గది 1,350 అని ఉంది. కౌంటర్లో కుర్రాడు మా ఫోన్ వైపు చూడను కూడా చూడకుండా “అది ఇద్దరికే మేడమ్. మూడో మనిషికి ఐదొందలు. ఏసీ రిమోట్ కావాలంటే రెండొందలు” అన్నాడు. పైన జీఎస్టీ అని 246. బిల్లు ఇమ్మంటే సిస్టమ్ పని చేయట్లేదట. వెరసి 2,296. ఆ ఐదొందలకి వచ్చింది నేల మీద పరిచే పల్చటి పరుపు. డెబ్బై దాటిన తల్లిని కింద పడుకోబెట్టలేక మావారే పడుకున్నారు. పొద్దున లేచేసరికి నడుం పట్టేసింది. ఇరవై నాలుగు గంటల చెక్‌ఔట్ అని చెప్పిన పెద్దమనుషులే పదింటికి తలుపు కొట్టి, ఖాళీ చేస్తారా, ఇంకో రోజు అద్దె కడతారా అన్నారు. మావారు ఏమీ అనలేదు. ఆయన అలా ఊరుకున్నారంటే కోపం నెత్తికెక్కిందని అర్థం.

సామాన్లు పట్టుకునే ఆటోలో (80 రూపాయలు) బొమ్మల ప్రదర్శనకి వెళ్లాం. అసలు మేం వచ్చిందే దానికోసం. రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారు వేసిన బొమ్మలు. మావారి స్నేహితుడు ఆయన శిష్యుడు. ప్రవేశం ఉచితం. మాస్టారు ఎదురొచ్చి మా సంచులు తన బల్ల వెనక పెట్టించి, అత్తయ్యగారికి కుర్చీ వేయించారు.

బొమ్మల కింద అతికించిన చీటీలు చూస్తే నాకు ఒళ్లు మండింది. ‘శ్రమ-3, యాక్రిలిక్ ఆన్ క్యాన్వాస్’. అంతే. మా ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి చిన్నప్పటి నుంచీ వెళ్తున్నదాన్ని. ఆయన ముప్పై నిండకుండానే 1925లో పోయారు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్లని చూసినప్పుడల్లా, ఈవిడ గురించి ఏం అనుకుంటూ వేశారో ఆయన్నే అడగాలనిపిస్తుంది. ఎవర్ని అడుగుతాం? ఇక్కడ వేసిన మనిషి పక్కనే ఉన్నారు కదా, ఆయన మాటలు నాలుగు రాయించడానికి నిర్వాహకులకి ఏమైంది?

పైగా ఆ చీటీ తప్పు. అది క్యాన్వాస్ కాదు, మిర్చి టిక్కీ. యార్డులో కాయలు నింపే గోనె సంచిని విప్పి, చెక్క చట్రానికి బిగించి, దాని మీద వేశారు. దగ్గరికెళ్తే గోనె పోగులు రంగులోంచి పైకి కనిపిస్తున్నాయి. అత్తయ్యగారు వంగి చూసి తుమ్మారు. “రెండు పూతలు తెల్ల రంగు వేసినా ఘాటు పోదమ్మా” అన్నారు మాస్టారు.

ఆ బొమ్మలో రెండు చేతులు మాత్రమే ఉన్నాయి, మజ్జిగ గిన్నెలో ముంచినవి. బొమ్మ మొత్తం మట్టిరంగు, బూడిదరంగు. ఎరుపు ఒక్క గోళ్ల సందుల్లోనే. అవి వాళ్లమ్మ చేతులు. యార్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేదట. రాత్రిళ్లు చేతులు మండిపోతుంటే మజ్జిగలో పెట్టుకుని కూర్చునేదట. “అన్నం ఆవిడే కలిపేది. మాకు మాత్రం ఆ చేత్తో ముద్ద పెట్టేది కాదు, గరిటెతో వేసేది. గుంటూరు వచ్చాక అమ్మ చేతి ముద్ద నేను తినలేదు” అన్నారు. గుంటూరు మిర్చి అంటే తేజ, 334 లాంటి రకాలు, క్వింటాలు ధర ఇవే మనకి తెలుసు. ఈ చేతుల గురించి ఎవరు చెప్పారు?

ఇంకో సంగతి నేను పట్టుకోలేదు, అత్తయ్యగారు పట్టుకున్నారు. ప్రతి బొమ్మలోనూ ఒకే ఎత్తులో అడ్డంగా సన్నటి తెల్ల చార. మిరప కళ్లంలో ఉంది, వంటింటి గోడ మీద ఉంది, జిన్నా టవర్ బొమ్మలో స్తంభాల మీదా ఉంది. రంగు ఆరాక బ్లేడుతో గీకిన గీత. “ఇదేంటి మాస్టారూ, నీళ్ల చారలా ఉంది?” అని అడిగారు. ఆయన కాసేపు ఆవిడ ముఖంలోకి చూసి “మీదే ఊరు అక్కయ్యగారూ?” అన్నారు.

అత్తయ్యగారి పుట్టిల్లు నాగాయలంక దగ్గర. మాస్టారిదీ దివిసీమే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆయన తొమ్మిదో క్లాసు. బడి గట్టు మీద నిలబడితే నీళ్లు గడ్డం దాకా వచ్చాయట. నీళ్లు దిగాక గోడ మీద మిగిలిన ఉప్పు చార అది. ఇల్లూ నాన్నా పోతే తల్లి ఆయన్ని తీసుకుని పని కోసం గుంటూరు వచ్చేసింది. ఉప్పెన బొమ్మ మాత్రం ఆయన ఎప్పుడూ వేయలేదు.

అత్తయ్యగారికి అప్పటికి కొత్తగా పెళ్లయింది, రాజమండ్రిలో ఉన్నారు. పిన్ని కుటుంబంలో ఎవరూ మిగల్లేదని వారం తర్వాత తెలిసిందట. ఇన్నేళ్లలో ఆవిడ ఈ మాట మా దగ్గర ఎత్తలేదు, మావారికీ తెలీదు. వాళ్లిద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెప్పుకుంటూ ఉండిపోయారు. నడుం నొప్పి మరిచిపోయి మావారు నిలబడే విన్నారు.

భోజనం పక్క వీధి మెస్సులో, 130 రూపాయలు. గోంగూర, ముద్దపప్పు, అడిగినంత నెయ్యి. వంక పెట్టడానికేమీ లేదు. తిరుగుదారిలో విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూశాం. పాత విక్టోరియా జూబిలీ మ్యూజియాన్నే బాగు చేసి, బాపుగారి పేరు పెట్టి 2020లో మళ్లీ తెరిచారు. బాగుంది, కానీ మా మనసులు ఇంకా గుంటూరులోనే ఉన్నాయి.

ఇలాంటి ప్రదర్శనకి వెళ్తే చిత్రకారుడు ఏ వేళలో ఉంటారో కనుక్కుని వెళ్లండి. ఆయన లేని సమయంలో వెళ్లి ఉంటే మేం చేతులూ చారలూ చూసి వచ్చేసేవాళ్లం. చేతుల బొమ్మ అమ్మకానికి లేదు. తక్కినవి 12,000 నుంచి ఉన్నాయి. టిక్కీ ముక్కల మీద వేసిన చిన్నవి 1,500. అత్తయ్యగారు తన పర్సులోంచి డబ్బు తీసి, చార బాగా కనిపించే గోడ బొమ్మ కొన్నారు. మాస్టారు తగ్గిస్తానన్నా ఒప్పుకోలేదు. గోనెకి గాలి తగలాలి, గాజు బిగించొద్దని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. రాజమండ్రి వచ్చాక ఫ్రేముకి 650 అయింది. దుమ్ము పడుతుందని షాపతను ఎంత చెప్పినా అత్తయ్యగారు గాజు వేయనివ్వలేదు.