సైకిల్ మోటారుకి లిథియం బ్యాటరీ కొంటున్నారా? విజయవాడలో మాకు జరిగింది చదివి వెళ్లండి

షాపు నుంచి ఇప్పుడే వచ్చాను, ఒళ్లు ఇంకా మండిపోతూనే ఉంది. రేపు ఇంకొకరు అదే కౌంటర్ దగ్గర డబ్బు కట్టకూడదని ఇవాళే రాస్తున్నాను. పేరు రాయడం లేదు. సైకిల్‌కి మోటారు పెట్టించుకోవాలని మన ఊళ్లో తిరిగినవాళ్లలో చాలామందికి ఆ షాపు తెలుసు.

నాన్న కానూరు నుంచి వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టుకి సైకిల్ మీద వెళ్తారు. మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే స్తోమత లేదు, అందుకని ఆయన పాత సైకిల్‌కే 250 వాట్ల మోటారు, కంట్రోలర్, థ్రాటిల్ బిగించాను. మోటారు కూర్చునే బ్రాకెట్‌ని ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాను. ఆ పని చేసిన పెద్దాయనకి దండం పెట్టాలి, ఇప్పటికీ అది ఇసుమంత కదల్లేదు. గొడవంతా బ్యాటరీతోనే.

స్టిక్కర్ మీద 36 వోల్టులు, 10 ఏహెచ్ (యాంపియర్ అవర్లు, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని ఉంది. 9,500 రూపాయలు తీసుకున్నాడు. "అన్నీ కొత్త సెల్స్ తమ్ముడూ, ఏడాది వారంటీ" అన్నాడు. ఆ రెండూ గుణిస్తే ప్యాక్‌లో 360 వాట్ అవర్లు ఉండాలి. అంటే నాన్న పెడల్ తొక్కకపోయినా మోటారు గంటకు పైగా నడవాలి. వారం తిరక్కముందే, ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరిన బండి బెంజ్ సర్కిల్ కూడా చేరకుండా బందర్ రోడ్డు మీద ఆగిపోయింది. నేను పనిలో ఉంటానని నాన్న ఫోన్ కూడా చేయలేదు. ఆ ఎండలో, అంత బరువున్న సైకిల్‌ని నెట్టుకుంటూ కొట్టుకి వెళ్లారు. సాయంత్రం ఆయన కాళ్లు చూశాకే నాకు విషయం తెలిసింది.

షాపుకి ఫోన్ చేశాను. ఆయన ఏమన్నాడో గుర్తుంచుకోండి: "పైన కవర్ కోసి ఒక్కో వరుస వోల్టేజ్ చూడు. ఫోటోలు పంపు. ఏ వరుస పోయిందో తెలిస్తే మార్చేస్తా." చెప్పినట్టే చేశాను. లోపల 30 సెల్స్ ఉన్నాయి, మూడేసి చొప్పున పది వరుసలు. తొమ్మిది వరుసలు 3.6 వోల్టుల దగ్గర ఉంటే, ఒకటి 2.7కి పడిపోయింది. ఒక్క వరుస అలా పడిపోయినా చాలు, మిగతా వాటిలో చార్జింగ్ ఎంత ఉన్నా బీఎంఎస్ (ప్యాక్ లోపల సెల్స్‌ని కాపాడే సర్క్యూట్ బోర్డు) మొత్తం ప్యాక్‌ని ఆపేస్తుంది. దాని పని అదే. పైగా సెల్స్ మీద 2200 ఎంఏహెచ్, అంటే 2.2 ఏహెచ్ అని రాసి ఉంది. మూడు కలిపితే 6.6 ఏహెచ్. సెల్స్ కొత్తవే అయినా అది 10 ఏహెచ్ ప్యాక్ కాదు. కానీ అవి కొత్తవి కూడా కాదు! రెండు మూడు రంగులు కలిసి ఉన్నాయి, నికెల్ పట్టీల కింద పాత స్పాట్ వెల్డింగ్ మచ్చలు కనిపిస్తున్నాయి. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసినవేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫోటోలు పంపితే "ఓకే, తీసుకురా" అని మెసేజ్ పెట్టాడు. ఇవాళ తీసుకెళ్లాను. ప్యాక్‌ని చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూసి, షాపులో ఉన్న మిగతావాళ్లందరికీ వినపడేలా, "సీల్ కోసేశావు కదా బాబూ, ఇంక వారంటీ ఎక్కడిది?" అన్నాడు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. "మీరే కదండీ కోయమన్నారు" అన్నాను. "నేనెందుకు చెప్తాను? యూట్యూబ్ చూసి నువ్వే కెలికి షార్ట్ చేశావు" అన్నాడు. ఆయన పెట్టిన మెసేజ్ తెరిచి చూపించాను. నా ఫోన్ తీసుకుని, చదవకుండానే కౌంటర్ మీద బోర్లా పెట్టి, వెనకున్న ఆయన్ని "మీకేం కావాలండీ?" అని అడిగాడు. నా పక్కన నాన్న నిలబడి ఉన్నారు. "పోనీలే, పద నాన్నా" అని నా చెయ్యి పట్టుకున్నారు. డబ్బు పోయినందుకు బాధ ఉంది. కానీ ఎండలో సైకిల్ నెట్టిన మనిషి ముందే, ఆయన కొడుకుని అబద్ధాలకోరుని చేసి మాట్లాడటం నేను మర్చిపోలేను.

ఇది 9,500తో తీరే విషయం కూడా కాదు. ఆ ప్యాక్‌ని రోజూ రాత్రి హాల్లో, చెల్లి పడుకునే చోటికి నాలుగడుగుల దూరంలో చార్జింగ్ పెట్టాం. అరిగిపోయినవీ కాస్త మంచివీ కలిపి కట్టిన లిథియం ప్యాక్ వేడెక్కి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. మన బెజవాడ ఎండల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అమ్మేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. బిల్లు మీద సెల్ కంపెనీ, కెపాసిటీ, ఎన్ని సెల్సో రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి. ఫుల్ చార్జింగ్‌లో 42 వోల్టులు చూపించాడని నమ్మకండి, పాత సెల్స్ కూడా చూపిస్తాయి. తూకం వేయించండి: ఒక్కో 18650 సెల్ (ఇలాంటి ప్యాక్‌ల్లో వాడే గుండ్రటి సెల్ సైజు పేరు అది) దాదాపు 45 గ్రాములు ఉంటుంది. 2600 ఎంఏహెచ్ సెల్స్‌తో 10 ఏహెచ్ ప్యాక్ కట్టాలంటే 40 కావాలి, అంటే సెల్స్ బరువే 1.8 కిలోలు. డబ్బు యూపీఐలో కట్టండి. ఫోన్‌లో చెప్పింది ఏదైనా సరే, మెసేజ్‌లో పెట్టమని అడిగాకే ప్యాక్ మీద చెయ్యి వేయండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. డబ్బు వెనక్కి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకి అక్కడ ఫీజు లేదు. అదే షాపులో ప్యాక్ కొన్నవాళ్లుంటే నాకు చెప్పండి, ఎవరి ఫిర్యాదు వాళ్లు ఒకేసారి ఇద్దాం. ఈలోగా దయచేసి దాన్ని ఇంట్లో, రాత్రిపూట చార్జింగ్ పెట్టకండి.