కళ్లా, వార్తలా, లెక్కలా: దేశాన్ని తెలుసుకోవడానికి ఏది మేలు?

ఒక కాగితం తీసుకుని మూడు అంకెలు వేయండి. మీ దేశంలో ప్రతి వందమందిలో పరాయి దేశంలో పుట్టి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎందరు? అరవై అయిదేళ్లు దాటినవాళ్లు ఎందరు? నిరుద్యోగులు ఎందరు? ఎక్కడా వెతకొద్దు, పక్కవాళ్లను అడగొద్దు, తోచింది వేసేయండి. ఆ కాగితంతో చివర్లో పని ఉంది.

2014లో ఇప్సోస్ మోరి అనే సర్వే సంస్థ 14 దేశాల జనాన్ని ఇలాంటివే అడిగింది. ఇటలీవాళ్లు తమ దేశంలో నిరుద్యోగం 49 శాతం అన్నారు. అసలు సంఖ్య 12. వలస వచ్చినవాళ్లు 30 శాతం అన్నారు, ఉన్నది 7. ఫ్రాన్స్‌లో ముస్లింలు 31 శాతమని అక్కడి సగటు అంచనా, అసలు 8. అమెరికాలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయిల్లో ఏటా 24 శాతం మంది తల్లులవుతున్నారని అనుకున్నారు, నిజానికి 3. పొరుగు దేశం గురించి అడిగితే తెలియదంటే సరే. ఇవన్నీ సొంత దేశం గురించి వేసిన అంచనాలు!

మరి దేశం సంగతి దేన్ని నమ్మి తెలుసుకోవాలి? ఉన్నవి మూడు దారులు: మన కళ్లు, వార్తలు, గణాంకాలు. ‘ఎందరు, ఎంత’ అన్న ప్రశ్న వరకు నా తీర్పు ముందే చెప్పేస్తాను. గణాంకాలు మొదట, కళ్లు ఆ తర్వాత, వార్తలు అన్నిటికన్నా వెనక. మొదటి స్థానం మీద పెద్దగా పేచీ ఉండదు. కళ్లను వార్తలకన్నా పైన కూర్చోబెట్టడమే చాలామందికి మింగుడుపడదు.

1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో జరిగిన పశువుల ప్రదర్శనలో ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. జనం రాసిచ్చిన 787 చీటీలను శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తర్వాత తెప్పించుకుని వరసలో పేర్చాడు. సరిగ్గా నడిమి చీటీలో ఉన్నది 1207 పౌన్లు. ఎద్దు తూగింది 1198. గుంపు తెలివికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఈ కథను తెగ వాడతారు. కానీ ఆ చీటీలు రాసినవాళ్లకు ఎద్దు ముట్టె నుంచి తోక దాకా కళ్లెదుటే ఉంది. దేశం అలా ఎవరి ముందూ నిలబడదు. ఎవరికి కనిపించేది వాళ్ల వీధి, వాళ్ల ఆఫీసు, వాళ్ల చుట్టాలు, ఫోనులో ఉన్న పేర్లు.

ఆ కనిపించిన ముక్కనే దేశమనుకుంటే ఏమవుతుందో ఇప్సోస్ మోరి 2015 సర్వేలో భారతీయుల జవాబులు చూపించాయి. దేశంలో ఇంట్లో ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవాళ్లు ఎందరని అడిగితే 60 శాతం అన్నారు. అప్పటి అసలు లెక్క 19. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్లంతా ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లే. తాము నెట్‌లో ఉన్నారు, తమకు తెలిసినవాళ్లూ నెట్‌లో ఉన్నారు, కనుక జనమంతా ఇంచుమించు నెట్‌లోనే ఉన్నారు అనుకున్నారు.

ఇంత చెప్పాక కూడా కళ్లకు రెండో స్థానం ఎందుకిస్తున్నానంటే, చూపు ఆనే మేర వరకు అవి బాగానే చూస్తాయి. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు, 2017 ఫ్రాన్స్ ఎన్నికలప్పుడు పరిశోధకురాలు మీర్తా గాలెసిచ్ బృందం ఓటర్లను ‘మీరు ఎవరికి వేస్తారు’ అని అడిగి ఊరుకోలేదు. ‘మీకు తెలిసినవాళ్లలో ఎంతమంది ఎవరికి వేస్తారు’ అని కూడా అడిగింది. ఈ రెండో జవాబులు తోడయ్యాక ఫలితాల అంచనా మెరుగైంది. అంటే మన చుట్టూ ఉన్న నలుగురి సంగతి మనకు ఫరవాలేదనిపించేంత తెలుసు. ఆ నలుగుర్నీ పట్టుకుని కోట్లమంది మీద తీర్పు చెప్పమన్నప్పుడే గాడి తప్పుతాం.

వార్తల తంటా వేరు. వాటి పనే అరుదైనదాన్ని పట్టుకురావడం. రోజూ జరిగేది వార్త కాదు, ఎప్పుడో జరిగేదే వార్త. సారా లిక్టెన్‌స్టైన్, పాల్ స్లోవిక్, వాళ్ల సహచరులు 1978లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఏ కారణంతో ఎందరు చనిపోతారో చెప్పమని జనాన్ని అడిగారు. హత్యలు, వరదలు, సుడిగాలులు ఉన్నదానికన్నా ఎక్కువ పలికాయి. మధుమేహం, పక్షవాతం, ఉబ్బసం తక్కువ పలికాయి. మధుమేహంతో పోయిన మనిషి మొదటి పేజీకి ఎక్కడు కదా. బ్రిటన్‌లో 2013లో సంక్షేమ సొమ్ము గురించి అడిగితే, ప్రతి 100 పౌన్లలో 24 పౌన్లు మోసగాళ్ల పాలవుతున్నాయని జనం అంచనా. ప్రభుత్వ లెక్కలో అది 70 పెన్నీలు, అంటే ఒక్క పౌను కూడా కాదు. దొరికిన ప్రతి దొంగ ఫొటో పత్రికలో పడుతుంది. నిజాయితీగా తీసుకున్నవాడి ఫొటో ఎవడు వేస్తాడు?

కళ్లకూ వార్తలకూ ముఖాముఖి పోటీ అమెరికా నేరాల లెక్కల్లో కనిపిస్తుంది. 1990ల మొదట్లో ఉన్న హింసాత్మక నేరాల రేటు 2019 నాటికి ఇంచుమించు సగానికి పడిపోయింది. ఆ కాలంలో గాలప్ సంస్థ దాదాపు ఏటా అడుగుతూనే ఉంది: నిరుటికన్నా దేశంలో నేరాలు పెరిగాయా, తగ్గాయా? ఎక్కువ సంవత్సరాల్లో సగానికి పైగా జనం పెరిగాయనే అన్నారు. వాళ్లనే ‘మరి మీ ప్రాంతంలో?’ అని అడిగితే పెరిగాయన్నవాళ్ల సంఖ్య బాగా తగ్గిపోయేది. మనిషి ఒక్కడే, రోజూ ఒక్కటే. తన పేట గురించి కళ్లు జవాబిచ్చాయి, దేశం గురించి వార్తలు జవాబిచ్చాయి. నిజానికి దగ్గరగా ఉన్నది కళ్ల జవాబే. ఏం జరిగిందో తెలియాలంటే వార్తలు కావాలి, వాటిని మానేయమని నేననను. ఎంత జరుగుతోందో మాత్రం వాటిని అడక్కండి.

ఇక గణాంకాలు. పెద్దది కదా అని ప్రతి సర్వేకీ దండం పెట్టనక్కర్లేదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపి, తిరిగొచ్చిన 20 లక్షలకు పైగా జవాబులతో రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా ఎంతో తక్కువమందిని అడిగిన జార్జ్ గాలప్ (గాలప్ సంస్థ ఆయనదే) విజేతను సరిగ్గా చెప్పాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎలాంటివాళ్లో వేరే చెప్పాలా? పేక బాగా కలిపితే కొద్ది ముక్కలు చూసినా చాలు. కలపని పేకలో సగం ముక్కలు తిరగేసినా మోసపోతాం.

మరొక చిక్కు మాటల అర్థంలో ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నిరుద్యోగి అంటే పని లేక, ఇటీవల వెతికి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉన్నవాడు. విసిగిపోయి వెతకడం మానేసినవాడు ఆ లెక్కలోకి రాడు, ఇంటిపని చేసే గృహిణీ రాదు. ఇటలీవాడు 49 అన్నప్పుడు మనసులో వీళ్లందరినీ కలుపుకున్నాడేమో! అలాగైతే అతని అంచనా మనం నవ్వుకున్నంత వెర్రిది కాదు.

జనం అంచనాలన్నిటినీ దురభిమానం ఖాతాలోనో అజ్ఞానం ఖాతాలోనో వేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2022లో యూగవ్ అనే సర్వే సంస్థ అమెరికన్లను అడిగితే, తమ దేశ జనాభాలో 30 శాతం న్యూయార్క్ నగరంలో ఉంటారని సగటున చెప్పారు. ఉన్నది 3 శాతం. న్యూయార్క్ అంటే భయపడి పెంచారా? అదే సర్వేలో విమానం ఎక్కినవాళ్లు 61 శాతం అన్నారు, అసలు 88. చిన్నవి పెరుగుతాయి, పెద్దవి తగ్గుతాయి. డేవిడ్ లాండీ, బ్రయన్ గే, టైలర్ మార్గెటిస్ అనే పరిశోధకులు 2018లో వాదించింది ఇదే: సరిగా తెలియని ఏ నిష్పత్తినైనా మనసు మధ్యకు జరుపుతుంది. వలసదారుల విషయంలో కనిపించే పొరపాటులో పెద్ద భాగం ఈ సర్దుబాటే, ద్వేషం కాదు.

కాబట్టి పట్టిక చేతిలో లేనప్పుడు ఒక చిట్కా పనికొస్తుంది. మీ కాగితం మీది అంకె 50కి లోపైతే ఇంకా తగ్గించి, పైనైతే ఇంకా పెంచి పక్కన వేయండి. ఆ తర్వాత ప్రభుత్వ గణాంకాలు తెరిచి సరిచూసుకోండి. మొదటి రెండు ప్రశ్నల్లో పాత అంకెకన్నా దిద్దిన అంకే దగ్గర కావడానికి అవకాశం ఎక్కువ. మూడోదానిలో మాత్రం తొందరపడొద్దు. పట్టిక కింద చిన్నక్షరాల్లో నిరుద్యోగి అంటే ఎవరో రాసి ఉంటుంది, అది చదివాకే తప్పు మీదో కాదో తేల్చుకోండి.