ఓటీపీ అందని దేశం నుంచి మా లైబ్రరీలోకి

తిరుపతిలో నేను పీహెచ్‌డీ చేస్తున్న యూనివర్సిటీ లైబ్రరీని వాడటం మొదలుపెట్టి ఐదేళ్లు కావస్తోంది. రీడింగ్ హాలు ఎంత పెద్దది, పుస్తకాలెన్ని, రాత్రి ఎన్నింటికి మూస్తారు అన్నవి ఇక్కడ చదివేవాళ్లందరికీ తెలుసు, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్కదాని గురించే: క్యాంపస్ బయట ఉన్నప్పుడు జర్నల్స్ (పరిశోధన పత్రికలు) చదువుకోవడానికి ఇచ్చే లాగిన్. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. ఇంత దూరం నమ్మి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి దానివల్ల పడ్డ అవస్థను దగ్గరుండి చూశాను.

ఆ అమ్మాయిది ఇథియోపియా. స్కాలర్‌షిప్ మీద వచ్చి మా ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేస్తోంది. వచ్చిన నెలలోపే నన్ను అక్కా అనడం నేర్చుకుంది. నా పని ఎర్రచందనం విత్తనాల మీద. కాయ పెంకు గట్టిగా ఉంటుంది, మొలక శాతం తక్కువ, నర్సరీల వాళ్లకు అదొక పెద్ద తలనొప్పి. మన శేషాచలం కొండల్లో ఉన్న ఈ చెట్టుకు ఆఫ్రికాలో దాయాదులున్నాయి. పీటరోకార్పస్ లూసెన్స్ అనే చెట్టు ఇథియోపియా పడమటి పల్లపు అడవుల్లో పెరుగుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని ఇద్దరం కలిసి ఒక పేపర్ రాశాం.

మొదటి మూడేళ్లు ఈ లాగిన్‌ను నేను మెచ్చుకోని రోజు లేదు. మాది పలమనేరు. బస్సులో మూడు గంటల ప్రయాణం. సెలవులకు ఇంటికెళ్లినా పబ్లిషర్ సైటు తెరిచి, ఇన్‌ఫెడ్ (యూనివర్సిటీ లాగిన్‌తోనే పబ్లిషర్ సైట్లు తెరవనిచ్చే జాతీయ ఏర్పాటు) ఎంచుకుని, మా యూనివర్సిటీ పేరు నొక్కి, పాస్‌వర్డ్ కొడితే వ్యాసం చేతిలో ఉండేది. మా అమ్మ వంటింట్లో పోపు వేస్తుంటే గడపలో కూర్చుని చదివిన పేపర్లు ఎన్నో. ఆ అమ్మాయికి కూడా లైబ్రరీ వాళ్లే కూర్చోబెట్టి నేర్పించారు. మన దేశపు థీసిస్‌లు 5 లక్షలకు పైగా శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉన్నాయని, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చని తెలిసిన రోజు ఆమె రాత్రి దాకా సీట్లోంచి లేవలేదు. ఇక 2025 జనవరి 1న ప్రభుత్వ విద్యాసంస్థల తరఫున జర్నల్స్ చందా కేంద్రమే కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలైనప్పుడైతే మా ఆనందానికి హద్దు లేదు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. అప్పటిదాకా మాకు అందని పత్రికలు కూడా తెరుచుకుంటాయని ఆశపడ్డాం.

ఆ నెలలోనే దెబ్బ తగిలింది.

వాళ్లకు క్రిస్మస్ జనవరి 7న వస్తుంది, గెన్నా అంటారు. దానికోసం ఆమె అడిస్ అబాబా వెళ్లింది. నేను సంక్రాంతికి పలమనేరు చేరాను. సరిగ్గా అప్పుడే మా పేపర్ రివిజన్‌కు, అంటే సవరణల కోసం, వెనక్కి వచ్చింది. ఆఫ్రికా జాతుల మీద జరిగిన పనిని ఇంకా లోతుగా పోల్చమని జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్ అడిగాడు. గడువు జనవరి 20. ఆ భాగం ఆమే రాయాలి.

మా లైబ్రరీ ఏటా జనవరిలో పాస్‌వర్డ్ మార్చమంటుంది. మార్చాలంటే మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. అది కూడా ఇండియా నంబరుకు మాత్రమే. ఇది ఇన్‌ఫెడ్ పెట్టిన నిబంధన కాదు, మా యూనివర్సిటీ సొంతంగా చేయించుకున్న పేజీలో ఉన్న లోపం. ఆమె ఇండియా సిమ్‌కు రీచార్జ్ అయిపోయింది, రోమింగ్ లేదు. ఇథియోపియా నంబరు వేద్దామంటే ఆ గడిలో పది అంకెలే పడతాయి, ముందు ప్లస్ 91 తప్ప ఇంకో కోడ్ ఉండదు. ఈమెయిల్‌కు పంపమనే వీలు లేదు. హెల్ప్ డెస్క్‌కు రాస్తే పండుగ సెలవులు అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేసి, ‘అక్కా, ఫోన్ నంబరు లేకపోతే నేను అక్కడి స్టూడెంట్‌ను కానా?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

నా లాగిన్ పనిచేస్తోంది కదా అని, ఆమె అడిగిన పేపర్లు నేనే డౌన్‌లోడ్ చేసి పంపడం మొదలుపెట్టాను. ఆమె కూడా మా యూనివర్సిటీ విద్యార్థే కాబట్టి తప్పులేదనుకున్నాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద గంటలో నలభై దాకా దించాను. నలభై రెండోదో మూడోదో ఉండగా స్క్రీన్ మారిపోయింది. తక్కువ సమయంలో ఎక్కువ డౌన్‌లోడ్ చేస్తే ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి మొత్తం తోడేస్తున్నారని పబ్లిషర్ సైటు అనుమానిస్తుంది, ఆపేస్తుంది. ఒక్కోసారి ఒకరు చేసిన పనికి క్యాంపస్ మొత్తానికి తలుపు మూసుకుపోతుందని తర్వాత తెలిసింది. మాకు అంత జరగలేదు గానీ నా ఖాతా ఆగిపోయింది. ఐదేళ్లలో ఏ ఓరియంటేషన్‌లోనూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్తగా చేరేవాళ్లకు మొదటి రోజే చెప్పాల్సిన విషయం ఇది.

భోగి ముందు రోజు రాత్రికి మా ఇద్దరికీ దారి లేదు.

అప్పుడు ఆమెకు తట్టింది. తను బీఎస్సీ చదివిన చోట ‘రీసెర్చ్ ఫర్ లైఫ్’ ఉంది. ఆదాయం తక్కువున్న దేశాల సంస్థలకు పబ్లిషర్లు ఉచితంగానో తక్కువ ధరకో జర్నల్స్ ఇచ్చే ఏర్పాటు అది. ఇథియోపియాకు వర్తిస్తుంది, మనకు వర్తించదు. మరుసటి రోజు పొద్దున మూడింటికి వెళ్తానంది. నాకు గుండె ఆగినంత పనైంది. వాళ్ల గడియారంలో లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుందట, మూడంటే మన తొమ్మిది. అక్కడ తొమ్మిదంటే ఇక్కడ పదకొండున్నర. వెళ్లింది. పాత గురువు తెలిసినావిడ కావడంతో లోపలికి రానిచ్చారు. సగం వ్యాసాలు అక్కడే కూర్చుని చదివి నోట్స్ రాసి పంపింది. తిరుపతి లైబ్రరీ ఇవ్వాల్సింది అడిస్ అబాబా లైబ్రరీ ఇచ్చింది. సంతోషించాను, దానితోపాటే బాధ కూడా కలిగింది.

మిగతా సగం అక్కడ దొరకలేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రోజే ధైర్యం చేసి మా అసిస్టెంట్ లైబ్రేరియన్ గారి సొంత నంబరుకు మెసేజ్ పెట్టాను. చంద్రగిరిలో వాళ్లింట్లో బంధువులంతా ఉన్నారట. పది నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశారు. ‘పండగపూట ఇంత అర్జెంటు ఏం వచ్చింది మ్మా?’ అన్నారు. చెప్పాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత ‘సరే, ఆ పాపను లైన్లోకి తీసుకో’ అన్నారు. ల్యాప్‌టాప్ తెచ్చుకుని, వీడియోలో ఆమె ఐడీ కార్డు, పాస్‌పోర్టు చూపించమని, అడ్మిన్ పేజీలోంచి ఆమె పాస్‌వర్డ్ తనే మార్చి ఇచ్చారు. నా ఖాతా గురించి పబ్లిషర్‌కు ఆ సాయంత్రమే మెయిల్ రాశారు. అది తెరుచుకోవడానికి ఇంకో మూడు రోజులు పట్టింది గానీ అప్పటికి ఆమె పని నడుస్తోంది. జనవరి 20 రాత్రి రివిజన్ పంపాం.

ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. కానీ పండగ రోజు ఒక మనిషి మంచితనంతో గట్టెక్కాం కాబట్టి ఏర్పాటు బాగున్నట్టు కాదు. ఆయన నంబరు నా దగ్గర ఉండటం అదృష్టం. ఆ పరిచయం లేని వాళ్లు ఏం చేస్తారు? మా క్యాంపస్‌లో నేపాల్ నుంచి వచ్చిన అబ్బాయికి కూడా సెలవుల్లో ఇదే జరిగిందట. అతను ఎవరినీ అడగలేక సెలవులన్నీ ఊరికే పోగొట్టుకున్నాడు.

తర్వాత మేమిద్దరం ఒక అర్జీ రాసిచ్చాం. ఈమెయిల్‌కు ఓటీపీ పంపండి, లేదా విదేశీ విద్యార్థుల పాస్‌వర్డ్‌ను వాళ్ల వీసా గడువుకు కలిపి ఇవ్వండి అని అడిగాం. పది నెలలకు సగం పని జరిగింది. విదేశీ విద్యార్థులు ఊరికి వెళ్లేముందు ఒక ఫారం మీద గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ ముద్ర వేయించి ఇస్తే, తిరిగొచ్చేదాకా పాస్‌వర్డ్ మార్చమని అడగదు. పేజీ మాత్రం అలాగే ఉంది.

కాబట్టి నాలాగా ఇండియా నంబరుండి, పలమనేరు, చిత్తూరు, మదనపల్లె దూరంలో ఇల్లున్న వాళ్లకైతే ఈ లాగిన్ హాయిగా పనిచేస్తుంది, వాడుకోండి, కాకపోతే ఒకేసారి పదికి మించి డౌన్‌లోడ్ చేయొద్దు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు, బయటి దేశంలో సహరచయితలున్న వాళ్లకు నేను ఇప్పుడే అంత నమ్మకంగా చెప్పలేను. వచ్చే ఏడాది ఆ అసిస్టెంట్ లైబ్రేరియన్ గారు రిటైరవుతున్నారు, ఆ తర్వాత ఎలా ఉంటుందో చూసి చెప్పాలి.

ఈ గెన్నాకు ఆమె మళ్లీ ఊరికి వెళ్తోంది. నిన్న ఇద్దరం కలిసి ఫారం ఇచ్చి, ముద్ర పడ్డాక ఫొటో తీసుకున్నాం. అయినా ఆయన నంబరు ఆమె ఇథియోపియా ఫోన్‌లో కూడా సేవ్ చేయించాను.