ఊరి మీద బెంగ పెట్టుకున్నవాళ్లకి గూగుల్ ఎర్త్ ప్రో ఎంతవరకు పనికొస్తుంది?

పెద్ద నగరంలో స్థిరపడ్డవాళ్లు రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో మ్యాపు తెరిచి సొంత ఊరు వెతుక్కోవడం మామూలే. కానీ ఆ మ్యాపులో కనిపించేది ఇవాళ్టి ఊరు. బెంగంతా వదిలి వచ్చేసిన నాటి ఊరి మీద. ఈ రెంటి మధ్య దూరాన్ని కాస్తయినా తగ్గించేది కంప్యూటర్‌లో వేసుకునే గూగుల్ ఎర్త్ ప్రో. 2015 నుంచి ఇది ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దీంట్లో ఎన్ని హంగులున్నా, మనలాంటివాళ్లకి కావలసింది ఒక్కటే: పైన బొమ్మల వరసలో ఉండే గడియారం గుర్తు. అది నొక్కితే అదే చోటు పాత ఉపగ్రహ చిత్రాలు తేదీలవారీగా వస్తాయి. 2024లో ఈ సౌకర్యం ఫోన్‌కీ బ్రౌజర్‌కీ కూడా వచ్చింది. అయినా పెద్ద తెర మీద, మౌసుతో చూసే సుఖం వేరు.

మొదటి చిక్కు ఇల్లు దొరక్కపోవడం. ఊరిని మనం నేల మీద నడిచి గుర్తుపెట్టుకున్నాం, ఇది ఆకాశంలోంచి చూపిస్తోంది. చిన్న ఊళ్లకైతే పేరు కొట్టి వెతికినా గుర్తు ఎక్కడో పొలాల మధ్య వాలుతుంది. అందుకని ఇంటిని నేరుగా వెతక్కండి. రైలు కట్టో, చెరువో, వంతెనో, ఏళ్లు గడిచినా చోటు మారనిది ఒకటి పట్టుకోండి. అక్కణ్నుంచి బడికి వెళ్లిన దారి వెంట మలుపులు లెక్కపెట్టుకుంటూ రండి. ఇల్లు దొరగ్గానే పసుపు పిన్ను గుచ్చి పేరు పెట్టండి. గడియారం నొక్కడం ఆ తర్వాతే, ఎందుకంటే అప్పుడు తెర మీద వచ్చే తేదీల పట్టీలో కనిపించే గీతలు తెర మీదున్న చోటును బట్టి మారతాయి.

పట్టీని మౌసుతో లాగితే మధ్యలో తేదీలు జారిపోతాయి. చివర్లలో ఉన్న బాణాలతో ఒక్కొక్క తేదీ వెనక్కి వెళ్లండి. చూసేటప్పుడు ఆర్ అక్షరం నొక్కితే చూపు నిటారుగా కిందికి, ఉత్తరం పైకి సర్దుకుంటుంది. ఇది చెయ్యకుండా ఒక తేదీని వాలుగా, ఇంకోదాన్ని నిటారుగా చూసి, వీధి వెడల్పు చేశారని పొరబడేవాళ్లు ఉంటారు.

ఇక ఎంత వెనక్కి వెళ్లొచ్చు? చాలామంది నీరుగారిపోయేది ఇక్కడే. పట్టీ 1980ల దాకా సాగి ఆశపెడుతుంది. అవి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు. చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 30 మీటర్లు, అంటే ఒక్క చుక్కలో 900 చదరపు మీటర్లు కలిసిపోతాయి. ఇల్లు కాదు కదా, ఇంటితో పాటు పక్కిళ్లూ వీధీ ఒకే రంగు మచ్చ. ఇళ్లు విడివిడిగా తెలిసే చిత్రాలు వాణిజ్య ఉపగ్రహాలు వచ్చాకే మొదలయ్యాయి: 1999లో ఐకొనోస్ దాదాపు మీటరు చుక్కతో, 2001లో క్విక్‌బర్డ్ సుమారు 60 సెంటీమీటర్ల చుక్కతో. లండన్ లాంటి కొన్ని ఐరోపా నగరాలకి రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన ఛాయాచిత్రాలు ఎక్కించారు గానీ అది అదృష్టం కిందే లెక్క. కాబట్టి ఊరు వదిలింది 2000కి ముందైతే బాల్యం నాటి ఇల్లు ఇందులో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఆ తర్వాత వదిలినవాళ్లకి మాత్రం ఇది బంగారం.

60 సెంటీమీటర్ల చుక్క అంటే ఏం కనిపిస్తుందో ముందే లెక్క వేసుకుంటే మంచిది. ఆరుబయట వేసిన మంచం పొడవు మూడు చుక్కలు. కారు ఏడెనిమిది చుక్కలు. మనిషి కనిపించడు, నీడ ఉంటే ఉండొచ్చు. ఇంకా దగ్గరికి పోదామని చక్రం తిప్పుతూ పోతే చుక్కలే పెద్దవవుతాయి, కొత్త వివరం రాదు.

ఉన్న చుక్కల్లోంచి ఊరిని చదవడం ఒక విద్య. పెంకుటిల్లయితే నడుమ గీత ఉండి, ఎండ పడే వాలు తెల్లగా, అవతలి వాలు నల్లగా ఉంటుంది. డాబా అయితే మొత్తం ఒకే లేత రంగు. బావీ చెట్టూ రెండూ పైనుంచి గుండ్రటి మచ్చల్లాగే ఉంటాయి. చెట్టు నీడ మచ్చ బయటికి సాగుతుంది, బావి నీడ గుండ్రంలోపలే ఉంటుంది. పెరట్లో చెట్టు కొట్టేశారా లేదా అని తేల్చుకోవాలంటే వేర్వేరు సంవత్సరాల్లో ఒకే నెలలో తీసిన రెండు చిత్రాలు పోల్చండి. ఎండాకాలం చిత్రాన్ని వానల తర్వాతి చిత్రం పక్కన పెడితే ఊరంతా కొత్తగా తోట వేసినట్టు, చెరువు కొత్తగా తవ్వినట్టు అనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. తేదీ మార్చినప్పుడల్లా ఊరు కొన్ని మీటర్లు పక్కకి జరిగినట్టుంటుంది. ఇల్లు జరగలేదు, పాత చిత్రాలు నేల మీద సరిగ్గా కుదురుకోలేదు. ఇంటి మీద గుచ్చిన పిన్ను ఇంకో తేదీలో పొరుగింటి మీద కనపడితే కంగారు పడక్కర్లేదు. ఉపగ్రహం పక్కనుంచి చూసిన రోజున ఎత్తైన కట్టడాలు వాలినట్టు కనిపించి వెనకున్న సందుని మింగేస్తాయి. కింద రాసే తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. తెర మీది చిత్రం కొన్నిసార్లు ముక్కల అతుకు, ఒక్కో ముక్కది ఒక్కో రోజు. మౌసుని ఇంటి మీద ఉంచి తేదీ చదవండి.

కొలబద్ద పరికరం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, గడియారం తర్వాత ఎక్కువ వాడాల్సింది అదే. అందులో దారి అనే భాగం ఎంచుకుని, ఇంటి నుంచి బడి దాకా మలుపు మలుపుకీ నొక్కుతూ పోతే మీటర్లు చెప్పేస్తుంది. చిన్న కాళ్లతో నడిచిన దూరాలు మనసులో సాగిపోయి ఉంటాయి, కొలత చూసి నవ్వు రాకమానదు. ఆ దారిని దాచుకోవచ్చు కూడా.

దాచుకోవడం అంటే గుర్తొచ్చింది: పిన్నులూ దారులూ అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఒక్క కేఎంఎల్ ఫైలులో ఉంటాయి. కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. ఊరి పేరుతో ఒక ఫోల్డర్ చేసి, కుడి క్లిక్కుతో కేఎంజెడ్‌గా (కేఎంఎల్‌నే కుదించిన ఫైలు) దాచి మరో చోట పెట్టండి. దాన్నే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ పంపితే వాళ్ల పిన్నులు వాళ్లు గుచ్చి తిప్పి పంపుతారు.

ఏ ప్రోగ్రామూ వేసుకోలేమనేవాళ్లు బ్రౌజర్‌లో మ్యాపుల సంస్థ ఎస్రీ నడిపే వేబ్యాక్ చూడొచ్చు. 2014 నుంచి వాళ్లు ప్రచురించిన చిత్రాలన్నీ ఉంటాయి. అక్కడ పక్కన కనిపించే తేదీ ప్రచురించినది, తీసినది కాదు. తీసిన తేదీ కావాలంటే మ్యాపు మీద నొక్కాలి. వీధిలో నిలబడి చూసినట్టుండాలంటే గూగుల్ స్ట్రీట్ వ్యూ మేలు. 2014 నుంచి అందులోనూ పాత తేదీలు చూపిస్తున్నారు, అయితే మీకు కావలసిన కాలంలో కెమెరా బండి ఆ వీధికి వచ్చి ఉండాలి. ఇరుకు సందుల్లోకి అది రాదు, బెంగపడేది తరచూ ఆ సందుల మీదే.

వాడే పద్ధతిలో ఒక్క సలహా. ఒంటరిగా చూస్తే పది నిమిషాల్లో అన్నీ మచ్చలే అనిపించి మూసేస్తారు. ఊళ్లోనే ఉన్న పెద్దవాళ్లకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చూడండి. పలానా చుక్క ఎవరి పశువుల పాకో, ఏ సంవత్సరం పడిపోయిందో వాళ్లే చెప్తారు. విన్నది విన్నట్టు పిన్ను వివరణలో రాసేయండి.