రికార్డ్ 52½ పాత వడ్రంగి వైస్: జారేది కొనండి, పగిలింది వదిలేయండి

షెఫీల్డ్‌లో సి అండ్ జె హాంప్టన్ కంపెనీ రికార్డ్ పేరుతో చేసిన 52½ వైస్, అంటే పనిబల్ల అంచుకి బిగించి రెండు ఇనుప దవడల మధ్య చెక్కని నొక్కిపట్టే పనిముట్టు, బ్రిటన్‌లో పాత సామాన్ల అమ్మకాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. దవడ వెడల్పు 9 అంగుళాలు, 13 అంగుళాల దాకా తెరుచుకుంటుంది. దీనికంటే చిన్నదైన 52కి ఇవే కొలతలు 7, 8 అంగుళాలు. పెద్దదైన 53కి 10½, 15. ఇంటి పనిబల్లకి 52½ చక్కగా సరిపోతుంది. 52లో డ్రాయర్ పక్క చెక్కలు పట్టించేసరికే చోటు చాలదు, 53కి మందమైన బల్ల కావాలి.

అమ్మేవాళ్లు చాలామంది "బిగిస్తే జారిపోతోంది" అని చెప్పి తక్కువకే ఇచ్చేస్తారు. కొనాల్సింది అదే. ఈ వైస్‌లో విలువంతా పోత ఇనుములో ఉంది, మిగతావన్నీ మార్చుకోగలిగిన భాగాలే. పోత పగిలితే మాత్రం, ముఖ్యంగా ముందు దవడలో మర (హ్యాండిల్‌తో తిప్పే పెద్ద స్క్రూ) దూరే కన్నం చుట్టూ బీటు ఉంటే, వెల్డింగ్ చేయించినా ఆ బిగింపుకి ఆగుతుందన్న నమ్మకం లేదు. అలాంటిదాన్ని విడిభాగాల కోసమే కొనాలి. కొనేముందు చిన్న సుత్తితో దవడను తట్టండి. గణగణమంటే బాగున్నట్టే. చప్పుడు మొద్దుగా వస్తే రంగు కింద బీటు ఉందేమో వెతకండి. మొత్తం తెరిచి రెండు నున్నటి గైడ్ కడ్డీల మీద స్కేలు ఆనించి చూడండి. హ్యాండిల్‌కి పైపు తొడిగి బిగించేవాళ్ల చేతిలో పడితే కడ్డీలు వంగి ఉంటాయి, వంగినవాటిని తిన్నగా చేయడం శ్రమ దండగ.

జారడానికి కారణం తెలియాలంటే లోపలి పని తెలియాలి. ఇందులో మరని పూర్తి నట్ పట్టుకోదు. కింద నుంచి సగం నట్ ఒకటి స్ప్రింగ్ బలంతో మరచుట్లకి ఆనుకుని ఉంటుంది. ముందున్న ట్రిగ్గర్ నొక్కితే పక్కనున్న కడ్డీ తిరిగి ఆ నట్‌ని మర నుంచి విడిపిస్తుంది, దవడ ఒక్క లాగుకి వచ్చేస్తుంది. పాత వైస్‌లలో చాలావరకు జారేది అరుగుదల వల్ల కాదు. ఏళ్ల తరబడి పట్టించిన గ్రీజులో రంపపు పొట్టు కలిసి మరచుట్ల అడుగున రాయిలా గడ్డకడుతుంది. నట్ పూర్తిగా లోపలికి కూర్చోలేక అంచుల మీదే నిలబడుతుంది, గట్టిగా బిగించగానే టక్కున ఎగిరిపోతుంది. వెనక ప్లేటుని పట్టి ఉంచే పిన్నులు తీసి, ముందు దవడని కడ్డీలు, మరతో సహా బయటికి లాగండి. మరనీ నట్‌నీ రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, మరచుట్ల మూలల్ని పాత హ్యాక్‌సా బ్లేడు మొనతో గీకండి. చాలా వైస్‌లకి ఈ ఒక్క పనితోనే పట్టు తిరిగి వస్తుంది.

రాకపోతే అప్పుడు పాత భాగాల వేట. బల్లకి బిగించి రెండు చోట్ల పరీక్షించండి: ఒకసారి 20 మిల్లీమీటర్ల చెక్కతో, ఇంకోసారి 200 మిల్లీమీటర్లు తెరిచి. రెండు చోట్లా జారితే సగం నట్ అరిగింది, లేదా స్ప్రింగ్ చచ్చింది. దాదాపు మూసినప్పుడు మాత్రమే జారితే, ముందు దవడ దగ్గరి మర భాగం అరిగిందన్నమాట. రోజువారీ పనంతా సన్నటి చెక్కలతోనే కాబట్టి ఎప్పుడూ ఆ నాలుగు చుట్లే నలుగుతాయి. నట్‌ని వెలుగులో పట్టుకుని చూస్తే సంగతి తెలిసిపోతుంది: బాగున్నదానికి చుట్టు కొన చదునుగా ఉంటుంది, అరిగినదానికి కత్తి అంచులా పదునెక్కి మెరుస్తుంది.

దవడ పగిలిన ఇంకో వైస్ చవగ్గా దొరికితే ఈ భాగాలన్నీ అందులోనే ఉంటాయి. మీద పోతలో ఉన్న నంబరు ఒకటే అయి ఉండాలి. అయినా తయారీ కాలాన్ని బట్టి తేడాలుంటాయి కాబట్టి మర వ్యాసం, 10 చుట్ల పొడవు కొలిచి పోల్చుకోండి. మరనీ నట్‌నీ జతగానే మార్చండి. కొత్త నట్‌ని అరిగిన మర మీద పెడితే త్వరగానే పాడవుతుంది. స్ప్రింగ్ కూడా ఆ వైస్‌దే వాడొచ్చు. సొంతంగా వంచి చేసిన స్ప్రింగ్ కొన్నాళ్లకి మెత్తబడుతుంది. నంబరు తర్వాత డి అక్షరం ఉన్న వైస్ ముందు దవడలో పైకి లేపగలిగే డాగ్, అంటే పలక అంచుని ఆనించే అడ్డు ముక్క, ఉంటుంది. అలాంటి దవడ బాగున్నది దొరికితే దాన్నే మీ వైస్‌కి ఎక్కించుకోవడం ఈ మార్పులన్నిటిలోకీ ఎక్కువ లాభం. బల్ల మీది డాగ్‌కీ దీనికీ మధ్య పలకని పట్టించి చిత్రిక పట్టుకోవచ్చు.

దవడలు మూసినప్పుడు పైన ముందుగా తగిలి, కింద కాస్త సందు కనిపిస్తుంది. అది లోపం కాదు, బిగించినప్పుడు పైభాగం గట్టిగా పట్టాలని అలా చేశారు. సందు కనిపించింది కదా అని గ్రైండర్ పెట్టి చదును చేస్తే వైస్ పాడవుతుంది.

దవడలకి 18 నుంచి 20 మిల్లీమీటర్ల గట్టి చెక్క తొడుగు తప్పనిసరి. టేకు ముక్క ఉంటే బంగారం. ఇనుప దవడ అంచు బల్ల పైతలానికి కనీసం 10 మిల్లీమీటర్లు కిందకి ఉండేలా, చెక్క మాత్రం బల్లతో సమంగా ఉండేలా అమర్చండి. లేకపోతే చిత్రిక బ్లేడు ఏదో ఒకరోజు ఇనుముకి తగులుతుంది. వెనక దవడని బల్ల అంచులోకి చెక్కి దింపి, తొడుగు అంచుతో ఒకే వరసలో వచ్చేలా చూడండి. పొడుగు పలకని నిలబెట్టి పట్టించినప్పుడు అది బల్ల పొడవునా ఆనాలి. 15 కిలోలు దాటే బరువు కాబట్టి చెక్క స్క్రూలు చాలవు, బోల్టులు ఆరపార వేసి వెడల్పాటి వాషర్లతో బిగించండి.

తొడుగు ఒక చివర మాత్రమే చెక్కని పట్టిస్తే దవడ పక్కకి వాలి కడ్డీల మీద భారం పడుతుంది. రెండో చివర అంతే మందం ముక్క ఒకటి పెట్టండి. మరకి గ్రీజు వద్దు, మైనం గానీ రెండు చుక్కల మిషన్ ఆయిల్ గానీ చాలు. ఇండియాకి తెచ్చుకోవాలనుకునేవాళ్లు వైస్‌ని విప్పి రెండు పెట్టెల్లో సర్దుకోండి. సగం నట్‌ని, స్ప్రింగ్‌ని విడిగా గుడ్డలో చుట్టాలి, పోగొట్టుకుంటే ఇక్కడ దొరకడం కష్టమైన ముక్కలు అవే.