బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్: తెర మీది గీతలు ఎంతవరకు పనికొస్తాయి?

ఫోన్‌తో వీడియో తీసేవాళ్లకి ఈ ఉచిత యాప్ పరిచయమే. 2023లో ఐఫోన్‌కి, 2024లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. దీని గురించి మాట అనగానే షట్టర్ యాంగిల్, బిట్‌రేట్, కలర్ అంటారు. ఇక్కడ చూసేది ఒక్కటే: ఫ్రేమ్ కట్టడానికి ఇది ఎంత సాయం చేస్తుంది? చాలానే చేస్తుంది. కాకపోతే ఏ గీత ఏ పనికో తెలియకుండా అన్నీ ఆన్ చేసుకుంటే, ఆ గీతలే ఫ్రేమ్‌ని పాడుచేస్తాయి.

ముందు గ్రిడ్ సంగతి, అంటే తెరని తొమ్మిది గళ్లుగా విడదీసే గీతలు. 1920×1080 ఫ్రేమ్‌లో మూడో వంతు నిలువు గీతలు ఎడమ నుంచి 640, 1280 పిక్సెళ్ల దగ్గర, అడ్డ గీతలు పైనుంచి 360, 720 దగ్గర పడతాయి. మనిషిని నడుము దాకా తీసే మిడ్ షాట్‌లో కళ్లు పై అడ్డగీత మీద ఉండాలి. కొత్తవాళ్లు ముఖాన్ని ఫ్రేమ్ నడిమధ్యకి తెస్తారు. దాంతో తల పైన బోలెడు ఖాళీ మిగిలి, మనిషి కిందకి జారిపోతున్నట్టు కనిపిస్తాడు. క్లోజప్‌లో తల పైభాగం కొంచెం తెగినా ఫర్వాలేదు, గడ్డం మాత్రం తెగకూడదు. ఫ్రేమ్ అంచు మోకాలు, మోచేయి, మణికట్టు లాంటి కీళ్ల దగ్గర పడితే కంటికి ఇబ్బందిగా ఉంటుంది. తొడ మధ్యలోనో ఛాతీ దగ్గరో పడితే ఆ ఇబ్బంది ఉండదు. మనిషి కుడివైపు చూస్తుంటే ఎడమ గీత మీద నిలబెట్టి, చూపు ముందు చోటు వదలాలి. అవతలి మనిషిని కుడి గీత మీద, ఎడమకి చూసేలా తీయాలి. ఇద్దరినీ కలిపే ఊహారేఖకి ఒకే పక్కన కెమెరా ఉన్నంతవరకే ఇది కుదురుతుంది. ఆ రేఖ దాటారంటే ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తూ, ఎవరో మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఇదే గ్రిడ్ దెబ్బకొట్టేది నిలువు వీడియో దగ్గర. అడ్డంగా తీసిన షాట్‌నే తర్వాత 9:16కి కోసి వాడుకోవాలన్నది ఇప్పుడు మామూలు అవసరం. 1080 ఎత్తుకి 9:16 వెడల్పు 607.5 పిక్సెళ్లు, అంటే మొత్తం వెడల్పులో 31.6 శాతం. గ్రిడ్ మధ్య వరస వెడల్పేమో 640. నిలువు ఫ్రేమ్ ఆ మధ్య వరసలోనే ఇమిడిపోతుంది, ఇరుపక్కలా 16 పిక్సెళ్ల చొప్పున మిగులుతుంది కూడా. శ్రద్ధగా గీత మీద నిలబెట్టిన మనిషి సరిగ్గా నిలువు ఫ్రేమ్ అంచున పడి, సగం ముఖం ఎగిరిపోతుంది. ఎడిటింగ్‌లో క్రాప్‌ని పక్కకి జరిపి ముఖాన్ని కాపాడుకోవచ్చు గానీ చూపు ముందు వదిలిన ఖాళీ పోతుంది. ఫ్రేమ్‌లో ఇద్దరుంటే ఆ దారి కూడా లేదు. కాబట్టి రెండు రకాలుగా వాడాల్సిన షాట్‌లో మనిషిని మధ్య వరసలోనే ఉంచి, అడ్డ ఫ్రేమ్‌కి కావలసిన బరువుని పక్క వరసల్లోని దీపంతోనో కిటికీతోనో తెచ్చుకోవాలి. మూడో వంతు గీతల్నే నిలువు ఫ్రేమ్‌కి హద్దులుగా వాడుకోవడమన్నమాట. ఇంకో మాట: 4కెలో, అంటే 3840×2160లో తీస్తే కోసిన ముక్క 1215×2160 వస్తుంది, 1080×1920కి సరిపోగా ఇంకా మిగులుతుంది. 1080లో తీసి కోస్తే దాదాపు 1.8 రెట్లు సాగదీయాలి, జుట్టు, బట్టల నేత ముద్దగా తేలతాయి.

సినిమా, టీవీ, ఆన్‌లైన్ నిష్పత్తులకి ఫ్రేమ్ గైడ్స్ ఉన్నాయి. ఇవి చూసుకోవడానికే, రికార్డయిన వీడియోలో పడవు. గైడ్ లేకుండా తీసేసి, ఎడిటింగ్‌లో నల్ల పట్టీలు వేయడం మాత్రం మంచి పద్ధతి కాదు. సినిమా వెడల్పు నిష్పత్తి 2.39:1కి 1080లో మిగిలే ఎత్తు 803 పిక్సెళ్లే. పైనా కిందా 138 చొప్పున పోతాయి. 360 గీత మీద పెట్టిన కళ్లు కొత్త ఫ్రేమ్‌లో పైనుంచి 28 శాతం దగ్గర తేలతాయి, తల పై పట్టీకి తగులుతుంది. గైడ్ ముందే పెట్టుకుంటే కెమెరాని కాస్త పైకి ఎత్తడంతో తీరిపోయే సమస్య ఇది.

ఫోన్ వాలిందో లేదో చూపే హొరైజన్ గీతని తేలిగ్గా తీసుకోవద్దు. ఫోన్ 2 డిగ్రీలు వాలినా సముద్రం, బల్ల అంచు, తలుపు చట్రం పట్టిచ్చేస్తాయి. తర్వాత తిప్పి సరిచేయొచ్చు, కానీ 2 డిగ్రీలు తిప్పితే మూలలు ఖాళీ పడకుండా ఫ్రేమ్‌ని సుమారు 6 శాతం పెంచాలి. జాగ్రత్తగా కట్టుకున్న హెడ్‌రూమ్, అంటే తల పైన వదిలిన చోటు, అక్కడ పోతుంది.

వెలుగు స్థాయిని బట్టి బొమ్మకి వేరువేరు రంగులు వేసి చూపే ఫాల్స్ కలర్‌ని ఎక్స్‌పోజర్‌కే, అంటే వెలుగు సరిచూసుకోవడానికే వాడతారు. ఫ్రేమింగ్‌కి కూడా ఇంతకన్నా నిజాయితీగల సాధనం ఈ యాప్‌లో లేదు. కన్ను ముందుగా వెళ్లేది వెలుగెక్కువ ఉన్న చోటికి. ఆన్ చేసి చూస్తే, వెలుగు మించి వివరం పోయిన చోట్లు ఎర్రగా కనిపిస్తాయి. ముఖం వెనక మూలలో ఎర్ర మచ్చ ఉందంటే చూసేవాళ్ల చూపు అక్కడికే పోతుంది. రెండడుగులు పక్కకి జరిగి ఆ కిటికీని ఫ్రేమ్ బయటికి తోసేయాలి, లేదా తెర లాగాలి.

గీతలేవీ చెప్పలేని విషయం ఒకటుంది: కట్ పడ్డప్పుడు చూపు ఎక్కడుందన్నది. వైడ్ షాట్‌లో చెయ్యి కుడి గీత దగ్గరున్న కప్పు వైపు సాగింది. తర్వాతి క్లోజప్‌లో అదే కప్పు ఎడమ మూలన ఉంది. రెండు ఫ్రేములూ విడివిడిగా చక్కగానే ఉంటాయి. కలిపితే చూపు కప్పుని వెతుక్కోవాలి. షాట్ సెకను మాత్రమే ఉంటే వెతకడంలోనే అయిపోతుంది. దీనికి యాప్‌లో తీసిన షాట్లు కనిపించే మీడియా ట్యాబ్ పనికొస్తుంది. ముందు షాట్ తెరిచి చివరి ఫ్రేమ్ దగ్గర ఆపాలి, చూపు ఆగిన చోట వేలు పెట్టి గుర్తుంచుకోవాలి, తర్వాతి షాట్‌లో ముఖ్యమైన వస్తువుని ఆ చుట్టుపక్కలే మొదలుపెట్టాలి. అదే మనిషిని మళ్లీ తీస్తుంటే కోణం కనీసం 30 డిగ్రీలు మార్చాలి, లేదా షాట్ సైజైనా స్పష్టంగా మారాలి. కొంచెం మార్చి ఊరుకుంటే కట్ పడ్డట్టుండదు, బొమ్మ ఎగిరిపడ్డట్టుంటుంది.

కెమెరాని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పే ప్యాన్‌కి ఒక ఫ్రేమ్ చాలదు, మొదటిదీ చివరిదీ రెండూ ముందే చూసుకోవాలి. రెండు చివర్లా కనీసం 3 సెకన్లు కదలకుండా ఆగాలి. సెకనుకి 24 ఫ్రేముల వేగంలో ఒక వస్తువు ఈ అంచు నుంచి ఆ అంచుకి 7 సెకన్ల లోపే చేరితే బొమ్మ అదురుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయకపోతే కిటికీ దాటేసరికి వెలుగు మారిపోయి కష్టమంతా వృథా.

లెన్స్ విషయంలో యాప్ ఏమీ హెచ్చరించదు. బాగా వెడల్పుగా చూపే 0.5 లెన్స్‌తో ముఖాన్ని ఫ్రేమ్ అంచుకి పెడితే పక్కకి సాగిపోతుంది. ముఖాలకి 2 రెట్ల లెన్స్ పెట్టి, ఆ మేరకు వెనక్కి జరగడమే మేలు. తెర మీద సమాచారం ఎక్కువై మూలలు కనబడకపోతే వేలితో పైకో కిందికో జరిపి దాచేసి, రికార్డ్ నొక్కేముందు నాలుగు అంచులూ ఒకసారి కళ్లతో చుట్టిరావాలి. ఆండ్రాయిడ్‌లో ఈ యాప్ అన్ని ఫోన్లకీ రాదు, మోడల్ జాబితా ముందే చూసుకోవాలి. చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ స్థాయిని పెంచేకొద్దీ ఫ్రేమ్ అంచులు తెగుతాయి కాబట్టి దాన్ని ఎంచుకున్నాకే ఫ్రేమ్ కట్టాలి. ట్రైపాడ్ మీద ప్యాన్ చేసేటప్పుడు పూర్తిగా ఆపేయాలి, లేకపోతే కదలిక ఆలస్యంగా మొదలై, చివర్లో ఆగాల్సిన చోటు దాటి జారుతుంది.